నకలుకు నకలు: నీలి పళ్ళెం పుట్టుపూర్వోత్తరాలు

తెల్లటి పళ్ళెం. దాని మీద ముదురు నీలంలో ఒక బొమ్మ. నది ఒడ్డున వంగిన విల్లో చెట్టు, పక్కనే చిన్న వంతెన, వంతెన మీద ముగ్గురు మనుషులు. ఒకవైపు కొసలు పైకి తిరిగిన కప్పులతో ఒక మేడ, దాని వెనక పండ్లు కాసిన చెట్టు, ముందు వంకరటింకర కంచె. నీటి మీద పడవ. ఆకాశంలో ఎదురెదురుగా రెండు పిట్టలు. పాత పింగాణీ అమ్మే దుకాణంలో ఏ దొంతర కదిపినా ఈ బొమ్మ పళ్ళెం ఒకటి బయటపడే అవకాశం ఎక్కువ. దీన్ని విల్లో ప్యాటర్న్ అంటారు.

బొమ్మతో పాటు ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. చైనాలో ఒక ధనిక అధికారి కూతురు కూంగ్-సే తండ్రి దగ్గర పనిచేసే గుమాస్తా చాంగ్‌ను ప్రేమించిందనీ, వంతెన మీద ముందు పరుగెడుతున్నది వాళ్ళిద్దరేననీ, వెనక కొరడా పట్టుకుని వస్తున్నది తండ్రి అనీ, ప్రాణాలు పోయాక ప్రేమికులిద్దరూ ఆ పిట్టలయ్యారనీ చెబుతారు. కథ బాగుంటుంది కానీ అది చైనాలో పుట్టలేదు. బొమ్మ కూడా అక్కడిది కాదు. 1790 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో రాగి రేకుల మీద చెక్కిన బొమ్మ ఇది. కథ 1849లో ‘ఫ్యామిలీ ఫ్రెండ్’ అనే ఇంగ్లిష్ పత్రికలో అచ్చయింది. అంటే బొమ్మ పుట్టిన అరవై ఏళ్ళకు దానికి కథ కట్టారు. ఇక చైనా కుమ్మరులు ఆ ఇంగ్లిష్ బొమ్మనే చూసి తమ పింగాణీ మీద చేత్తో గీసి పడమటి దేశాలకు ఎగుమతి చేశారు.

ఇంట్లో నలుగురిని పిలిచి వడ్డించడానికి పాత పింగాణీ కొనాలనుకునేవారు మొదట అడిగే మాట “ఇది అసలుదేనా?” అని. నీలి తెలుపు పింగాణీ దగ్గర ఆ ప్రశ్న నిలవదు. ఏడు వందల ఏళ్ళుగా ఒకరిని చూసి ఒకరు చేస్తూ వచ్చిన వస్తువు ఇది. ఏ మట్టితో చేశారు, బొమ్మ ఎలా ఎక్కించారు, ఏ కాలంలో చేశారు అని అడగాలి. ఈ మూడింటికీ జవాబు పళ్ళెం మీదే ఉంటుంది. దాన్ని చదవాలంటే అది వచ్చిన దారి తెలియాలి.

ఆ దారి చైనాలో, జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్ పట్టణంలో మొదలవుతుంది. అక్కడి కొండల్లో కయోలిన్ అనే తెల్ల బంకమన్ను దొరుకుతుంది. దానికి ఒక రకం తెల్లరాయి పొడి కలిపి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే మట్టి సగం గాజులా మారిపోతుంది. నీరు పీల్చదు, వెలుగుకు అడ్డం పెడితే లోపలి నుంచి కాంతి కనిపిస్తుంది, గోటితో మీటితే ఖంగున మోగుతుంది. ఈ తెల్లదనం మీద కోబాల్టుతో నీలి బొమ్మ గీసి, పైన గ్లేజు అనే గాజు పూత పూసి కాల్చే పద్ధతి 14వ శతాబ్దంలో, మంగోలులు చైనాను ఏలిన యువాన్ కాలంలో నిండుగా వికసించింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 1351 నాటి తేదీ రాసి ఉన్న రెండు నీలి కూజాలు ఉన్నాయి. అప్పటికే పనితనం ఎంత ముదిరిందో వాటిని చూస్తే తెలుస్తుంది.

ఆ నీలం మాత్రం చైనాది కాదు. మేలైన కోబాల్టు ఇరాన్ నుంచి వచ్చేది. పెద్ద పళ్ళేల పరిమాణం కూడా బయటివారి అవసరమే. చైనావాళ్ళు చిన్న గిన్నెల్లో తింటారు; ఒకే పళ్ళెం చుట్టూ పదిమంది కూర్చుని తినేది పశ్చిమాసియాలో. నలభై సెంటీమీటర్లకు పైబడిన ఆ భారీ పళ్ళేలు ఆ విందుల కోసం చేసినవి. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ కోటలో చైనా పింగాణీ పది వేలకు పైగా పోగుపడింది. ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ 1611లో అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చైనా పాత్రలు కానుకగా ఇచ్చాడు. మన ఢిల్లీలో ఫిరోజ్‌షా కోట్లాలో కూడా యువాన్ కాలపు నీలి పళ్ళేల పెంకులు దొరికాయి. చైనా సరుకు అని లోకమంతా చెప్పుకున్న ఆ నీలి పళ్ళెంలో, అలా చూస్తే, రంగు ఒకరిది, కొలత మరొకరిది, మట్టీ చెయ్యీ చైనావి.

తెలుగు తీరానికి ఈ సరుకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన మోటుపల్లి రేవులో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. అయినా మన ఇళ్ళలో అది కంచం కాలేకపోయింది. మడి పాటించే ఇంట్లో మట్టిపాత్ర ఒకసారి ఎంగిలయితే పారేయాల్సిందే. కంచునూ ఇత్తడినీ చింతపండు, బూడిద పెట్టి తోమితే శుద్ధి అవుతాయి. అరిటాకును తిని పారేస్తే సరిపోతుంది. పింగాణీని ఈ లెక్కలో ఎక్కడ పెట్టాలో తేలలేదు కాబట్టి అది గడప దగ్గరే ఆగింది. అది లోపలికి వచ్చింది ఊరగాయ జాడీ రూపంలో. ఉప్పూ పులుపూ లోహాన్ని తినేస్తాయి, జాడీని ఏమీ చేయలేవు. ఆ ఒక్క గుణం కోసం పింగాణీ మన వంటింటి అటక మీద తరతరాలు నిలిచింది.

హైదరాబాద్ నవాబుల దస్తర్‌ఖాన్ సంగతి వేరు. అక్కడ పింగాణీ ఎన్నడో విందులో భాగమైంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, యూరప్ పింగాణీకి కేటాయించిన గదులు నిదానంగా చూడదగ్గవి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) పోగుచేసిన వాటిలో సెలడాన్ అనే ఆకుపచ్చ పళ్ళేలున్నాయి. విషం కలిసిన అన్నం పెడితే ఆ పళ్ళెం రంగు మారుతుందనో పగులుతుందనో పూర్వం నమ్మేవారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు కానీ ఏలినవారు వాటికి అంత ధర పెట్టడానికి అది ఒక కారణం. ఈ పుస్తకంలో ఇది, ఆ పుస్తకంలో అది చదివి బయలుదేరేకంటే ఆ గదుల్లో ఒక పూట గడిపితే చైనా తెలుపుకూ యూరప్ తెలుపుకూ తేడా కన్ను దానంతటదే పట్టేస్తుంది.

యూరప్‌కు పింగాణీ పిచ్చి పట్టింది 1603 తరువాత. ఆ ఏడాది సింగపూర్ జలసంధి దగ్గర డచ్చివారు ‘శాంతా కాతరీనా’ అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. అందులో లక్ష దాకా పింగాణీ పాత్రలున్నాయని చెబుతారు. మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే రాజుల తరఫు మనుషులు కూడా వచ్చి కొన్నారు. చైనాలో 1644లో మింగ్ వంశం కూలి సరుకు రాక తగ్గినప్పుడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో కుమ్మరులు ఆ లోటు పూడ్చారు. వాళ్ళకు కయోలిన్ లేదు. మామూలు మట్టి మీద తగరం కలిపిన తెల్లటి పూత దట్టంగా వేసి, దానిపై నీలంతో చైనా బొమ్మలు గీశారు. అంచు పెచ్చు లేచిన డెల్ఫ్ట్ పళ్ళెం చూస్తే తెల్ల పూత కింద లేతగోధుమ రంగు మట్టి కనిపిస్తుంది. నిజమైన పింగాణీకి అంచు విరిగినా లోపల కూడా తెలుపే.

ఆ తెల్లమట్టి గుట్టు జర్మనీలో వీడింది. శాక్సనీ పాలకుడు ఆగస్టస్‌కు పింగాణీ మీద ఎంత మోజంటే 1717లో ప్రష్యా రాజుకు 600 మంది గుర్రపు సైనికులను ఇచ్చి 151 పాత్రలు తీసుకున్నాడు. ఆయన కొలువులో బంగారం చేస్తానని చెప్పి బందీ అయిన యోహాన్ బోట్గర్, పండితుడు చిర్న్‌హౌస్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో 1708లో పింగాణీ సూత్రం చిక్కింది. 1710లో మైసెన్ కోటలో ఖార్ఖానా వెలిసింది. మైసెన్ అందం వేరే వ్యాసం అడుగుతుంది. మన ఇంటి బల్ల మీదికి రాగలిగేవి ఇంగ్లండ్ పళ్ళేలు, అందుకు ఒక చక్కని కారణం ఉంది.

1784లో రెండు సంగతులు జరిగాయి. టీ మీద పన్నును ఇంగ్లండ్ పార్లమెంటు నూటికి 119 నుంచి 12.5కు దించింది. అంతవరకు దొంగచాటుగా వచ్చే టీ దొరల ఇళ్ళ నుంచి సామాన్యుల ఇళ్ళకు దిగింది, దాంతో కప్పులూ సాసర్లూ పళ్ళేలూ అందరికీ కావలసి వచ్చాయి. అదే ఏడాది ప్రాంతంలో స్టోక్ పట్టణంలో జొసయా స్పోడ్ మామూలు మట్టి పాత్రల మీద, గ్లేజు కింద నీలం బొమ్మను అచ్చువేసే పద్ధతిని పదునుపెట్టాడు. అచ్చు ఆలోచన అంతకు ముందే ఉంది: లివర్‌పూల్‌లో సాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు 1756లో ఆరు గంటల్లో 1200 పలకల మీద బొమ్మలు అచ్చువేశామని ప్రమాణపత్రం రాశారు. స్పోడ్ సాధించింది ఏమిటంటే బొమ్మ గ్లేజు కింద ఉండటం వల్ల ఎంత తోమినా చెరగకపోవడం. 1791లో ఈస్టిండియా కంపెనీ చైనా పింగాణీని పెద్దయెత్తున తేవడం మానుకుంది. ఖాళీ అయిన ఆ అంగడిని స్టోక్ ఉన్న స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు బట్టీలు నింపాయి.

పని ఇలా సాగేది. చెక్కుడు పనివాడు రాగి రేకు మీద బొమ్మను గీతలుగా, చుక్కలుగా చెక్కుతాడు. ఎంత లోతు చెక్కితే అక్కడ అంత ముదురు నీలం. ఆకాశానికి సన్నని చుక్కలు, చెట్టు మొదలుకు లోతైన గీతలు. కోబాల్టు పొడిని నూనెలో కలిపి కాటుకలా చిక్కగా నూరి, వేడిచేసిన రేకు మీద రుద్ది, పైన మిగిలినదాన్ని గీకి తుడిచేస్తాడు. సబ్బునీళ్ళలో తడిపిన పల్చని కాగితం దాని మీద పరిచి యంత్రంలో నొక్కితే గీతల్లోని రంగు కాగితానికి ఎక్కుతుంది. అక్కడి నుంచి పని ఆడవాళ్ళది. ఒక చిన్నపిల్ల కత్తెరతో నడిమి బొమ్మనూ అంచు పట్టీనీ విడివిడిగా కత్తిరిస్తుంది. పెద్దామె వాటిని ఒకసారి కాల్చిన, ఇంకా పూత వేయని పళ్ళెం మీద అతికించి గట్టి కుంచెతో రుద్దుతుంది. పూత లేని మట్టి రంగును పీల్చుకుంటుంది. తరువాత నీళ్ళలో ముంచితే కాగితం ఊడి వస్తుంది, నూనె రంగు మట్టిలోనే నిలుస్తుంది. కొద్దిగా కాల్చి నూనె పోగొట్టి, గ్లేజులో ముంచి మళ్ళీ ఆవంలో పెడతారు. ఒక్క పళ్ళెం మీద ఇన్ని చేతులు పడ్డా, చేత్తో గీసినదానికంటే అది ఎంతో చవక. గుమాస్తా ఇంట్లో కూడా బొమ్మల పళ్ళెంలో తినడం అప్పుడే మొదలయింది. ఆ పిల్లల పేర్లు ఏ పళ్ళెం అడుగునా లేవు, ఖార్ఖానా యజమానుల పేర్లే ఉన్నాయి.

విల్లో బొమ్మ ఈ అచ్చుల్లోంచే వచ్చింది. టామస్ మింటన్ అనే చెక్కుడు పనివాడి పేరు దీనితో ముడిపడి ఉంది. మనం ఇప్పుడు చూసే రూపాన్ని స్థిరపరచింది స్పోడ్ ఖార్ఖానా. చైనా బొమ్మలు నాలుగైదింటి నుంచి చెట్టొకటి, మేడ ఒకటి, వంతెన ఒకటి తీసి కూర్చారు. అది ఎవరి సొత్తూ కాకపోవడంతో వందల ఖార్ఖానాలు దాన్ని అచ్చువేసుకున్నాయి.

మన దేశం కూడా ఆ పళ్ళేల మీదికి ఎక్కింది. టామస్ విలియమ్సన్ రాసిన ‘ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్’ అనే పుస్తకంలోని వేట బొమ్మలను స్పోడ్ 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ‘ఇండియన్ స్పోర్టింగ్’ అనే పేరుతో అచ్చువేశాడు. ఏనుగుల మీద పులివేట, అడవిపందుల వేట అందులో కనిపిస్తాయి. టామస్, విలియం డేనియల్ అనే చిత్రకారులు మన దేశంలో తిరిగి గీసిన గుళ్ళూ ఘాట్లూ లివర్‌పూల్‌లోని హెర్క్యులేనియం ఖార్ఖానా పళ్ళేల మీదికి చేరాయి. మనవాళ్ళు ఎవరైనా ఒక నీలి పళ్ళెం కోసం ప్రత్యేకంగా వెతకదలిస్తే వీటిని వెతకాలని నా కోరిక. అవి అరుదు, ధర ఎక్కువ. అయినా మన గుడి గోపురం ఇంగ్లండ్ ఇంట్లో మాంసం వడ్డించే పళ్ళెం మీద ఎలా కనిపించిందో చూడటం ఒక చరిత్ర పాఠం.

ఇప్పుడు పళ్ళెం చేతిలోకి తీసుకుందాం. మొదట అంచు పట్టీని ఒక చుట్టు చూడండి. కాగితంతో అతికించినదైతే ఎక్కడో ఒకచోట పట్టీ రెండు కొసలూ సరిగ్గా కలవవు. పువ్వు సగం తెగి ఉంటుంది, లేదా ఒక దాని మీద ఒకటి ఎక్కి ఉంటుంది. దాన్ని లోపమనుకోకండి, అది ఆ పెద్దామె చెయ్యి. బొమ్మ అణుమాత్రం తేడా లేకుండా, అతుకే లేకుండా ఉంటే చాలావరకు 20వ శతాబ్దపు యంత్రపు అచ్చు. తరువాత తిరగేసి అడుగు చూడండి. బట్టీలో పళ్ళేలు అంటుకోకుండా పెట్టిన మూడు కాళ్ళ ముక్కల గురుతులు మూడు చోట్ల గరుకుగా తగులుతాయి. 1800 ప్రాంతపు ఇంగ్లిష్ పళ్ళేల అడుగు వలయం మూలల్లో గ్లేజు చేరి లేత నీలంగా కనిపిస్తుంది.

అడుగు ముద్ర సగం జాతకం చెబుతుంది. వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ నమూనాను 1842–1883 మధ్య నమోదు చేయించారని అర్థం. 1884 నుంచి దాని బదులు వరుస సంఖ్య వేశారు. ఆ తేదీ నమూనాది. పళ్ళెం దాని తరువాత ఎప్పుడైనా చేసి ఉండవచ్చు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసింది కాబట్టి ‘ఇంగ్లండ్’ అని ఉంటే సాధారణంగా 1891 తరువాతిది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే 20వ శతాబ్దానిది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా ఆధీనంలో ఉన్న, 1952తో ముగిసిన ఆ కొద్ది ఏళ్ళది. ముద్రలో రాసి ఉన్న సంవత్సరాన్ని చూసి మోసపోవద్దు, చాలాసార్లు అది కంపెనీ పుట్టిన ఏడు.

చివరగా అరచేతి మీద నిలిపి గోటితో మీటండి. మంచి పళ్ళెం మోగుతుంది. మొద్దుగా పలికితే కంటికి కనబడని బీట ఎక్కడో ఉంది. మట్టి పళ్ళెం పింగాణీ అంత గట్టిగా మోగదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. నీలం గీతలు దాటి చుట్టూ పొగలా అలముకుని ఉంటే పాడైందనుకోకండి. నవాసాగరం వంటి లవణాలను బట్టీలో పెట్టి కావాలనే రంగును అలా కరిగించేవారు. అదే నవాసాగరంతో మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు. ఆ ‘ఫ్లో బ్లూ’ పళ్ళేలను ఇష్టపడేవారు వేరే ఉన్నారు, నాకు మాత్రం గీత స్పష్టంగా ఉన్నదే ముద్దు.

తినడం దగ్గర జాగ్రత్త కావాలి. పాత ఇంగ్లిష్ గ్లేజుల్లో సీసం ఉండేది. ఆ సీసం వల్ల గ్లేజు ముంచే పనివాళ్ళకు నరాలు దెబ్బతిని, ఎందరో మంచాన పడ్డారు. 19వ శతాబ్దం చివర ప్రభుత్వం విచారణ జరిపించాకే నియమాలు వచ్చాయి. గ్లేజు గట్టిగా ఉన్నంతవరకు భయం తక్కువ. సన్నని నెర్రెలు విడిచిన పళ్ళెంలో మాత్రం పులుపు పెట్టకూడదు, పులుపు సీసాన్ని బయటికి లాగుతుంది. మన వంట సగం పులుపే కాబట్టి ఈ మాట తెలుగు ఇంటికి మరీ ముఖ్యం. పులిహోర, ఆవకాయ, పప్పుచారు, నిమ్మరసం పిండిన ఏ వంటకమూ అందులో వద్దు. నెర్రెల్లోకి పసుపు దిగితే మరక కూడా పోదు.

అందుకే నా సలహా: భోజనపు పళ్ళేలు పన్నెండు కొనాలన్న ఆలోచన పక్కన పెట్టండి. భోజనం అరిటాకులోనో కంచంలోనో సాగనివ్వండి. పాత నీలాన్ని దాని చుట్టూ ఉంచండి. మాంసం వడ్డించడానికి చేసిన పెద్ద కోలపళ్ళెంలో బూరెలు, గారెలు పేరిస్తే కళ్ళు తిప్పుకోలేం. పేరంటానికి చిన్న పళ్ళేల్లో నానబెట్టిన శనగలు, తమలపాకులు, వక్కలు. కేకు స్టాండు మీద సున్నుండలు. మూత పోయిన సూపు పాత్రలో సీతాఫలాలు. మూత పోయిందని దుకాణదారు ధర తగ్గిస్తాడు, పండ్లకు మూత అక్కర్లేదు.

కడిగేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. డిష్‌వాషరు వద్దు, పీచు వద్దు, మరకలకు బ్లీచింగు వద్దు. బంగారు అంచున్నది మైక్రోవేవ్‌లోకి వెళ్ళకూడదు. ఎప్పుడూ మరిగే పాలో పాయసమో చల్లని పళ్ళెంలో ఒక్కసారిగా పోయకండి. దొంతరలో ఏడెనిమిదికి మించకుండా, పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య పాత నూలు చీర ముక్క వేయండి. కప్పులను చెవి పట్టి కొక్కేనికి వేలాడదీయవద్దు, ఒకదానిలో ఒకటి దూర్చవద్దు.

ఏదో ఒకరోజు ఒకటి పగులుతుంది. విల్లో బొమ్మతో ఉన్న సౌకర్యం అప్పుడు తెలుస్తుంది: లోటు పూడ్చడానికి అదే ఖార్ఖానా, అదే కాలం కోసం వెతకనక్కర్లేదు. 1820ల స్టాఫర్డ్‌షైర్ పళ్ళెం పక్కన 1950ల జపాన్ పళ్ళెం పెట్టినా బల్ల మీద కుటుంబంలా కలిసిపోతాయి. నీలంలో కొంచెం ఎక్కువ తక్కువ ఉంటుంది, అంతే. పాతవి దొరకకపోతే కాగితం అచ్చు పనిని ఇంకా వదలని చోటు ఒకటుంది. స్టోక్‌లో 1889లో మొదలైన మిడిల్‌పోర్ట్ ఖార్ఖానాలో బర్లీ పేరుతో ఈనాటికీ రాగి మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసి, చేత్తో అతికించి పళ్ళేలు చేస్తున్నారు. వాటి అంచు పట్టీలో కూడా అతుకు కనిపిస్తుంది.